కంచె వేసిన చెరువుకు బాతులు రాలేదు

అటవీ శాఖలో కొత్తగా చేరిన పిల్లలు నా దగ్గరకు వస్తే ముందు అడిగేది ఎర్రచందనం దొంగల గురించే. ఎంతమందిని పట్టుకున్నారు మేడం, గొడ్డలి ఎత్తారా, మీరు భయపడ్డారా అని. ఉదయగిరి, ఆత్మకూరు మధ్య పనిచేసినదాన్ని కాబట్టి అలాంటి కథలు నా దగ్గరా ఉన్నాయి. చెప్పను. వాటిని చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, చెప్పిన ప్రతిసారీ దొంగల సంఖ్య పెంచుకుంటూ పోతారు కూడా. నేనెప్పుడు సెక్షన్ ఆఫీసరు అయ్యానో, ఆ ఫైలు ఎవరి బల్ల మీద ఎన్నాళ్ళు పడుకుందో అది కూడా రాయను. రాయబోతే నాకే ఆవులింతలు వస్తున్నాయి.

నా ఉద్యోగంలో ముప్పాతిక భాగం చలికాలాలు చెరువు కట్టల మీద గడిచాయి. అడవి అంటే చెట్లే అనుకుని చేరాను. తీరా చూస్తే మా పడమటి మెట్టలో కాపాడవలసినవి సగం చెరువుల్లోనే ఉన్నాయి. వాటిలో నన్ను ఎక్కువగా ఏడిపించినవి, ఎక్కువ నేర్పినవీ పట్టెతల బాతులు. బూడిదరంగు ఒళ్ళు, తెల్లటి తల, తల వెనక రెండు నల్ల పట్టెలు. హిమాలయాలకు అవతల ఎత్తు మీదుండే సరస్సుల పక్కన గుడ్లు పెట్టి, చలి ముదిరేలోగా కొండలు దాటి మన దగ్గరకు వస్తాయి. ఎండలు మొదలవగానే వెళ్ళిపోతాయి.

ఈ బాతులు తగ్గితే ఎందుకు తగ్గాయి, పెరిగితే ఎందుకు పెరిగాయి అన్న ప్రశ్న మీ మెడకు చుట్టుకోక తప్పదు. కలెక్టరేటు నుంచి అడుగుతారు, విలేకరి అడుగుతాడు, టీ కొట్టు దగ్గర వాడు కూడా అడుగుతాడు. అప్పుడు నోటికొచ్చింది చెప్పకుండా ఉండడానికి ఇది రాస్తున్నాను.

కోదండయ్య గారి ప్రశ్న

నా మొదటి రేంజ్ ఆఫీసరు కోదండయ్య గారు. మనిషి ముక్కుసూటి, నోరు మరీ సూటి. ఒక చలికాలం మా చెరువుల్లో బాతులు బాగా పలచబడ్డాయి. నేను హడావుడిగా ఆయన గదిలోకి వెళ్ళి, బాతులు అంతరించిపోతున్నాయి సార్ అన్నాను. ఆయన చదువుతున్న పేపరు దించలేదు.

"ఏందమ్మా, అంతరించిపోతా ఉండాయా? నువ్వు చూసినావా? చచ్చినాయా, యాడికన్నా పోయినాయా, లేకుంటే అసలు పుట్టనే లేదా? ఈ మూడిట్లో ఏదో తేల్చుకోని రాపో. తేలినాక ఇద్దరం కూకోని ఏడుద్దాం."

అప్పుడు ఒళ్ళు మండిపోయింది. కానీ ఆ తర్వాత నేను చేసిన పనంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది. ఒక చెరువులో బాతులు తగ్గాయంటే మూడే దారులు. చావులు ఎక్కువైనా అయి ఉండాలి, పిల్లలు తక్కువైనా అయి ఉండాలి, లేదా వేరే చోటు వెతుక్కుని అయినా పోయి ఉండాలి. పెరిగినా అంతే. వానలు సరిగా లేని ఏడు చిన్న చెరువులన్నీ ఎండిపోయి, చుట్టుపక్కల బాతులన్నీ ఉన్న ఒక్క పెద్ద చెరువులో వచ్చి పడతాయి. అది చూసి మా వాళ్ళు బాతులు పెరిగాయని స్వీట్లు పంచుకున్న సంగతి నాకు తెలుసు. ఒక్క బాతు కూడా పెరగలేదు. కరువుకు ఒకే ఇంట్లో చేరిన చుట్టాలు అవి, అంతే.

పిల్లలు పుట్టాయో లేదో తెలుసుకోవడానికి హిమాలయాలు దాటనక్కర్లేదు. ఆ ఏడు పుట్టిన పిల్ల తల మీద నల్ల పట్టెలు ఇంకా ఏర్పడి ఉండవు, మసకగా ఉంటుంది. పైగా పిల్లలు ఆ మొదటి చలికాలం తల్లిదండ్రులను వదలవు. మంచి బైనాక్యులర్, కొంచెం ఓపిక ఉంటే పట్టెలు లేని తలలు గుంపులో కనబడతాయి. అవి బాగా ఉన్నాయంటే అక్కడ గూళ్ళు బాగా నిలిచాయని అర్థం. అసలు లేవంటే మంచు ఆలస్యంగా కరిగిందో, సరస్సు ఎండిందో, నక్కలు గుడ్లు తిన్నాయో, అక్కడేదో జరిగింది.

అయితే ఒక్క ఏడు పిల్లలు రాలేదని గుండెలు బాదుకోకండి. ఇవి పిచ్చుకల్లా నాలుగు రోజుల జీవులు కావు. బతికితే ఏళ్ళ తరబడి బతుకుతాయి, జత కట్టిన జంట కలిసే ఉంటుంది. ఒక ఏడు గూడు పాడైతే మరుసటి ఏడు మళ్ళీ పెడతాయి. దెబ్బ తగిలేది పెద్ద బాతులు చచ్చినప్పుడు. తుపాకీ, విషం, కరెంటు తీగలు, రోగం, ఏదైనా సరే, గుడ్లు పెట్టే వయసులో ఉన్నవాటిని తీసుకుపోతే ఆ గుంపు కోలుకోవడానికి చాలా ఏళ్ళు పడుతుంది. సరదాకు జీపులో వచ్చి బాతులను కొట్టే పెద్దమనుషుల మీద నేను జాలి చూపకపోవడానికి కారణం అదే. వాళ్ళు నాకు ఫోన్లు చేయించేవాళ్ళు, "రెండు బాతులకేగదా మేడం" అని. రెండు బాతులు కాదు నాయనా, అవి ఇంకా పదేళ్ళు పెట్టబోయే గూళ్ళు అనేదాన్ని. కేసు మాత్రం రాసేదాన్ని.

కంచె

ఇక అసలు సంగతి. గంగిరేవుల చెరువు మా సెక్షన్‌లో పెద్దది. నీరు వెనక్కి తగ్గేకొద్దీ లోపలి నేల బయటపడి పచ్చగడ్డి మొలుస్తుంది. ఆ గడ్డి మీద పొద్దున్నే బాతులు మేస్తాయి. గొర్రెలూ అక్కడే మేస్తాయి. చెరువు పక్క పల్లెలో వెంగమ్మ, పెంచలయ్య అని మొగుడూ పెళ్ళాలు ఉన్నారు. వాళ్ళకు సెంటు పొలం లేదు. ఉన్నది గొర్రెల మంద. వరి కోతలయ్యాక రైతుల పొలాల్లో ఎరువు కోసం మంద కడతారు, చలికాలం పగళ్ళు చెరువు లోపల మేపుతారు. చలికాలంలో ఆ చెరువు గడ్డి తప్ప చుట్టుపక్కల మెట్టలో గొర్రె నోరు ఆనేది ఏదీ ఉండదు.

మాకొక కొత్త డివిజన్ అధికారి వచ్చారు. కుర్రవాడు, చదువుకున్నవాడు, పక్షులంటే ప్రాణం. చెడ్డవాడు కాడు, అది గట్టిగా చెబుతున్నాను. ఆయన మొదటిసారి గంగిరేవులకు వచ్చినప్పుడు గొర్రెల మంద దగ్గరకు రాగానే బాతులు కొన్ని లేచి అవతలకు పోయి వాలాయి. ఆయన మొహం మాడిపోయింది.

"మన బాతుల గడ్డి గొర్రెలు తినేస్తున్నాయి. మంద వచ్చినప్పుడల్లా వాటిని లేపేస్తోంది. ఇలా ఉంటే ఎలా నిలుస్తాయి?" అన్నారు.

"ఏళ్ళుగా రెండూ ఇక్కడే మేస్తున్నాయి కదా సార్. ఒక చలికాలం చూసి నిర్ణయిద్దాం," అన్నాను.

"చూసేలోగా పక్షులు మిగలవు," అన్నారు.

ఇరిగేషన్ వాళ్ళ అనుమతి వచ్చింది, డబ్బు వచ్చింది, ముళ్ళతీగ వచ్చింది. చెరువు లోపలి నేల చుట్టూ కంచె, ఒక గేటు, గేటుకు తాళం. తాళం చెవి నా దగ్గర.

తాళం వేసిన రోజు వెంగమ్మ గేటు ముందు నిలబడింది. నడుం మీద చెయ్యి, వెనకాల మంద.

"మేడం, చలికాలం మా గొర్రెలు యాడ మెయ్యాల? గుట్ట మీద రాళ్ళు తినాల్నా?"

"పై నుంచి ఆర్డరు వెంగమ్మా. బాతుల కోసం."

"ఏం బాతులు మేడం! మా గడ్డంతా అయ్యే తినేస్తన్నాయి. అయి రాకుంటే పీడా పోయె. యాడో పుట్టి యాడో తిరిగే బాతులకి కంచె ఏస్తిరి, ఈడ పుట్టిన మాకు గడ్డి ల్యాకుండా చేస్తిరి."

గమనించండి, ఆమె, మా సారు ఒకే మాట అన్నారు. గొర్రెకు, బాతుకు గడ్డి దగ్గర పోటీ అని. ఆయన బాతుల పక్షం, ఆమె గొర్రెల పక్షం. ఆ లెక్క తప్పేమో అన్న అనుమానం ఇద్దరిలో ఎవరికీ రాలేదు.

ఎవరి కారణం వాళ్ళది

మొదటి చలికాలం బాతులు వచ్చాయి. నీళ్ళలో వాలాయి కానీ మేతకు కంచె లోపల దిగడం బాగా తగ్గింది. రెండో చలికాలం వానలు బాగా పడి చెరువు నిండుగా ఉంది, నీరు తగ్గిన మేర గడ్డి ఏపుగా పెరిగింది, ఒక్క గొర్రె లేదు, ఒక్క మనిషి లేడు. బాతులూ లేవు. నీళ్ళ మీద నాలుగు జంటలు తిరిగి, రెండు రోజులుండి పోయాయి.

ఇక చూడండి. పేపర్లో వేటగాళ్ళు అని వచ్చింది. ఊళ్ళో సెల్ టవర్లు అన్నారు. మా సారు చాలా బాధపడి, పుట్టే చోట ఏదో జరిగి ఉంటుంది, వాతావరణం మారిపోతోంది అన్నారు. కావచ్చు. వేట, వాతావరణం రెండూ బాతులను తగ్గించగలవు, నేను కాదనను. కానీ ఎవరూ వెళ్ళి చూడలేదు. చూడకుండా చెప్పే కారణం నిజమైనా నాకు అక్కర్లేదు.

అప్పుడే పెంచలయ్య రోడ్డు మీద కనబడ్డాడు. మంద చిక్కిపోయి ఉంది. కంచె వేసినప్పటి నుంచి గుట్టల మీద, రోడ్డు పక్కన తిప్పుతున్నారు.

"తల్లి గొర్రెలకి పాలు ల్యావు మేడం. పిల్లలు ఈడ్చుకపోతన్నాయి. ఈ నెల చూసి అమ్మేస్తాం. పాలు ల్యాని తల్లిని కసాయాయన తప్ప ఎవరు కొంటారు?"

"తల్లుల్ని అమ్మితే మంద ఏం మిగులుతుంది పెంచలయ్యా?"

"ఏం మిగల్దు," అన్నాడు.

ఆ మాటతో నాకు నిద్ర పట్టకుండా పోయింది. పిల్లలు పోతే వచ్చే ఈతలో మళ్ళీ పుడతాయి. తల్లులు పోతే మంద అన్న మాటే ఉండదు. బాతుల గురించి నేను పదిమందికి చెప్పే పాఠమే అది. ఇక్కడ నా చేతిలో తాళం చెవితో అది ఒక ఇంటి మీదకు వస్తోంది. గేటు తెరవాలంటే మా సారుకు గట్టి కారణం కావాలి. ఆ నెలలోపల కారణం తెచ్చి తీరాలి అనుకున్నాను.

జలదంకి వైపు

ముందు చావులు. ఇద్దరు వాచర్లను తీసుకుని గంగిరేవుల గట్టు, తుంగ, చుట్టుపక్కల పొలాలు నడిచాం. కళేబరం లేదు, ఈకల కుప్ప లేదు, తూటా తొడుగు లేదు. ఊరూరా అడిగాం. చచ్చిన బాతును చూసినవాడు ఒక్కడూ దొరకలేదు.

తర్వాత మిగతా చెరువులు. చేజర్ల వైపు తిరిగాం, కొద్దిగా ఉన్నాయి. కలిగిరి దాటి జలదంకి వైపు వెళ్ళాం. అక్కడొక చెరువు కట్ట ఎక్కి బైనాక్యులర్ పెట్టగానే నాకు కేక పెట్టాలనిపించింది. బాతులే బాతులు. గుంపులో పట్టెలు లేని తలలు ఎన్నో, తల్లిదండ్రుల వెనకాల వరసగా మేస్తున్నాయి. చావలేదు, పుట్టకుండా పోలేదు. మా చెరువు వదిలేసి ఇక్కడికి వచ్చాయి.

ఎందుకు వచ్చాయో కళ్ళ ముందే ఉంది. ఆ చెరువులో మూడు మందలు మేస్తున్నాయి. గొర్రెలు మేసిపోయిన నేల మీద గడ్డి గోరంత ఎత్తున, లేతగా చిగురిస్తోంది. బాతులు మేస్తున్నది ఆ చిగుళ్ళనే. మంద దగ్గరకు వస్తే నాలుగు అడుగులు పక్కకు జరుగుతాయి, అంతే. బాతుకు ముదురు గడ్డి అరగదు, పీచు దాని కడుపులో నిలవదు. పైగా మెడ ఎత్తితే నక్క, కుక్క వస్తున్నది కనబడాలి. మా గంగిరేవులలో కంచె వేసి మేం పెంచింది మోకాలెత్తు ముదురు గడ్డి, తుంగ, వాటి మధ్య అప్పుడే తల ఎత్తుతున్న సీమతుమ్మ. నక్కకు ఇల్లు కట్టి, బాతును భోజనానికి పిలిచాం.

సంతోషపడేలోగా కట్ట కింద పొలం రైతు మాల్యాద్రి పైకి ఎక్కి వచ్చాడు. నా యూనిఫాం చూసి మరీ వచ్చాడు.

"ఈ బాతులు మీయేనా మేడం? ఇన్నేళ్ళు ఏదో కొన్ని వచ్చేయి, పోయేయి. ఈ ఏడు దండు దిగినట్టు దిగినాయి. చెరువులో చాలక నా వరిలో పడతన్నాయి. నాటు మొత్తం కొరికేసినాయి. టపాకాయలు కాల్చినాను, డబ్బాలు కొట్టినాను. ఇంకో వారం చూస్తా. ఆనక పురుగుమందు గుళికలు కలిపిన వడ్లు చల్లేస్తా. కేసు పెట్టుకుంటారో ఏం పెట్టుకుంటారో మీ ఇష్టం."

బాతులు చోటు మారడం చిన్న సంగతి అనుకునేవాళ్ళకు ఇది చెబుతున్నాను. మూడు చెరువుల్లో ఉండవలసిన గుంపు ఒక్క చోట పడితే, ఒక్క రైతు కోపం, ఒక్క బస్తా వడ్లు చాలు. పెద్దవి, పిల్లలు అన్నీ ఒకే పొద్దున పోతాయి. మేం మేత చెడగొట్టి వాటిని పోగొట్టుకున్నాం. ఆ పోయినవి అక్కడ చావబోతున్నాయి.

"ఆ వారం నాకు ఇవ్వు మాల్యాద్రీ. నీ పొలానికి కాపలా నేను పెడతాను," అన్నాను. మా వాచర్లిద్దరినీ అక్కడే ఉంచి, పొలం చుట్టూ మెరుపు రిబ్బన్లు కట్టించాను. అతను నమ్మలేదు కానీ ఒప్పుకున్నాడు.

మరుసటి రోజు పొద్దున్నే మా సారును అదే కట్ట మీదకు తెచ్చాను. ఫోన్లో వివరించమన్నారు. రండి సార్ అన్నాను. రిపోర్టు పంపమన్నారు. మీరే రండి సార్ అన్నాను. వచ్చారు. బైనాక్యులర్ ఆయన చేతికిచ్చాను. ఆయన చాలాసేపు చూశారు. గొర్రెలు, బాతులు, మళ్ళీ గొర్రెలు.

"అంటే మనం కాపాడడానికి వేసిన కంచె వల్లే..." అని ఆగారు.

"అవును సార్."

"కంచె తియ్యాలంటే పైకి రాయాలి. ఎండాకాలం అయిపోతుంది."

"కంచె తియ్యమని అడగలేదు సార్. గేటు తియ్యమంటున్నాను. తాళం చెవి నా సంచిలోనే ఉంది."

ఆయన బైనాక్యులర్ తిరిగి నా చేతికిచ్చారు. "తియ్యండి. ఎవరైనా అడిగితే నా పేరు చెప్పండి," అన్నారు. తన తప్పును కట్ట మీదే ఒప్పుకున్న పై అధికారిని నేను నా సర్వీసులో ఆ ఒక్కసారే చూశాను. ఆయన మీద నాకు గౌరవం ఉంది.

వెంగమ్మ దొడ్డి

జీపును అటు నుంచి అటే గంగిరేవులకు మళ్ళించాను. దారి పొడుగునా వెంగమ్మకు ఎలా చెప్పాలా అని ఉబలాటం. వాళ్ళ దొడ్డి దగ్గర దిగేసరికి గొర్రెపిల్లల అరుపులు తప్ప ఏమీ లేవు. తల్లి గొర్రెలు సంతకు పోయాయి. పెంచలయ్య నెల అన్నాడు కానీ, పిల్లలు రెండు చచ్చేసరికి వాళ్ళకు ధైర్యం చాలలేదు. లారీ ఆ ముందు రోజే పోయింది. దొడ్డిలో మిగిలినవి పాలు మానీ మానని పిల్లలు, ఎవరూ కొనని రెండు ముసలి గొర్రెలు.

గేటు తెరిచాను.  వెంగమ్మ గొర్రెపిల్లలను తోలుకుని లోపలకు వెళ్ళింది. ఆ ముదురు గడ్డి వాటి నోటికి చిక్కేది కాదు. పక్క పల్లెల మందలను పిలిపించాం, సీమతుమ్మ పీకించాం. ఆ చలికాలం అలా గడిచింది. మాల్యాద్రి గుళికలు చల్లలేదు.

మరుసటి ఏడు నీరు తగ్గగానే మందలు దిగాయి, గడ్డి పొట్టిబడింది. ఒక పొద్దున నేను కట్ట మీదకు వెళ్ళేసరికి బాతులు వచ్చి ఉన్నాయి. గంగిరేవుల మునుపటిలా అయింది. పిల్లలున్న జంటలు కూడా ఉన్నాయి. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు. అవి చావలేదు, చోటు మారాయి. అందుకే పిలవగానే వచ్చాయి.

వెంగమ్మ తన గొర్రెలతో గట్టు కింద నుంచి వచ్చింది. మంద అనడానికి లేదు, చేతి వేళ్ళతో లెక్కపెట్టేటన్ని. నా పక్కన నిలబడి బాతులను చూసింది.

"వచ్చినాయి గదా మేడం మీ బాతులు," అంది.

"వచ్చాయి వెంగమ్మా."

"బాగుండాది. మరి నా గొర్రెలు ఎప్పుడొస్తాయి?"

కోపంగా అడగలేదు. బస్సు ఎప్పుడొస్తుంది అని అడిగినట్టు అడిగింది. 

బాతుల నివేదికలో మా శాఖ చాలా మంచి మాటలు రాసుకుంది. వెంగమ్మ మంద గురించి అందులో గడి లేదు. బాతులు నిలవడానికి ఆ మంద కావాలని మేమే రుజువు చేశాం, ఆ మందను చంపిన కంచె మాది, కాబట్టి తల్లి గొర్రెలు ఇవ్వవలసిందీ మేమే అని రాసి పంపాను. మా దగ్గర అలాంటి పద్దు లేదన్నారు, పశుసంవర్ధక శాఖను అడగమన్నారు. వాళ్ళు అది అటవీ శాఖ చేసిన నష్టం అన్నారు. ఈ లోగా నా సర్వీసు అయిపోయింది, శాలువా కప్పి పంపించారు.

శాలువా ఇంట్లో పెట్టి మరుసటి సోమవారం ఆత్మకూరు వెళ్ళి ఆ కాగితం ఆగిపోయిన మా ఆఫీసులోనే గుమాస్తా బల్ల ముందు కూర్చున్నాను. ఇప్పటికీ ప్రతి సోమవారం వెళుతూనే ఉన్నాను. అక్కడి గుమాస్తా నన్ను చూడగానే తల పట్టుకుంటాడు, "రిటైర్ అయినారు గదా మేడం, ఇంట్లో ఉండకూడదా" అంటాడు. వెంగమ్మ దొడ్డిలో తల్లి గొర్రెలు దిగిన రోజు ఇంట్లో ఉంటాను అని చెప్పాను. రేపు సోమవారం. పొద్దున బస్సుకు పోతాను.